ఆట – పన్ను బాకీ



గ్లాస్గోలో రేంజర్స్, సెల్టిక్ అనే ఫుట్‌బాల్ జట్లకు నూరేళ్ళు దాటిన వైరం. రేంజర్స్ వారు 2001 నుంచి ఆటగాళ్ళకు కొంత సొమ్ము ట్రస్టు ద్వారా అప్పుగా ఇప్పించి పన్ను తప్పించారు. 2012లో పన్ను బాకీలతో కంపెనీ దివాలా తీసి, జట్టు నాలుగో డివిజనుకు దిగింది. అది జీతమేనని 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. చట్టంలో సందున్నది గదా అన్నారు కొందరు అభిమానులు. ఆ కప్పులు వదులుకోవాలన్నారు ఎదుటివారు.

మన మత్తూరు కుర్రాళ్ళ జట్టు చందాలు లెక్కలో చూపవద్దని ఒక మిత్రుడన్నాడు. నేనొప్పుకోలేదు. రైల్వే గుమాస్తాను; టిక్కెట్టు కొనని వాని భారం కొన్నవానిపైనే పడుతుందని ఎరుగుదును. ప్రతి రూపాయికీ రసీదు రాద్దాం. ఓడినా తలయెత్తుకు తిరగవచ్చు.