కిడ్నీ మార్చిన పిల్లలు – మందుల వేళలు



ఆపరేషన్ అయింది, పిల్లవాడు మళ్ళీ బడికి వెళుతున్నాడు, ఇక గండం గడిచినట్టే అనుకుంటాం. నిజానికి ఇంట్లో మన పని మొదలయ్యేది అప్పుడే. 1954లో బోస్టన్‌లో మొదటిసారి విజయవంతంగా కిడ్నీ మార్చినప్పుడు ఇచ్చినవారూ, పుచ్చుకున్నవారూ అచ్చుగుద్దినట్టుండే కవలలు. అంచేత శరీరం దాన్ని పరాయిదనుకోలేదు. మన పిల్లల సంగతి అలా కాదు గదా! కన్నతల్లి ఇచ్చినా ఒళ్ళు ఎదురుతిరుగుతుంది. దాన్ని అణచి ఉంచేవి టాక్రోలిమస్ వంటి మందులు. కిడ్నీ పనిచేసినంత కాలం అవి వేసుకోవలసిందే.

చిన్నప్పుడు చేతికిస్తే మింగుతారు. చిక్కంతా పదమూడు, పద్నాలుగేళ్ళు దాటాకే. స్టెరాయిడ్ల వల్ల ముఖం ఉబ్బుతుంది, మొటిమలు లేస్తాయి. ఆడపిల్ల అద్దం ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "ప్రాణం కన్నా అందం ఎక్కువా?" అని కసరకండి. ఆ బాధ డాక్టరుగారితో చెప్పండి. మోతాదు మార్చే వీలుందేమో ఆయన చూస్తారు. చాటుగా మానేస్తే వెంటనే ఏ నొప్పీ తెలియదు. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగిందని తెలిసేసరికి కిడ్నీ దెబ్బతిని ఉండవచ్చు.

"మాత్ర వేసుకున్నావా?" అంటే "ఆఁ" అనేస్తారు. "ఈ వారం ఎన్నిసార్లు కుదరలేదమ్మా?" అని నెమ్మదిగా అడగండి. నిజం చెబితే కోప్పడకండి.

రోజుకు రెండుసార్లు వేసే మాత్రకు పన్నెండు గంటల ఎడం ఉండాలి. ఉదయం 8 అయితే రాత్రి 8. వారానికి సరిపడే గళ్ళ డబ్బాను పిల్లల చేతే నింపించి, మీరు పక్కన కూర్చుని చూడండి. పెళ్ళికో, ఊరికో వెళితే రెండు మూడు రోజుల మందు అదనంగా చేతిసంచిలో పెట్టుకోండి. మందు పాళ్ళు చూసేందుకు రక్తం ఇచ్చే రోజున, ఉదయం మాత్ర రక్తం ఇచ్చాకే వేయాలి. ఒక పూట తప్పితే రెండూ కలిపి వేయకుండా ఆసుపత్రికి ఫోన్ చేసి అడగండి. వినాయకచవితికి పాలవెల్లికి కట్టే పంపరపనస ఈ పిల్లలకు పెట్టవద్దు. అది రక్తంలో మందు పాళ్ళను పెంచవచ్చు. కషాయాలు, నొప్పి మాత్రలు కూడా డాక్టరుగారిని అడగనిదే వద్దు.

రేపు హాస్టలుకు వెళ్ళే పిల్లలు వీళ్ళు. అంచేత తన మందుల పేర్లూ, మోతాదులూ డాక్టరుగారికి తనే చెప్పుకునేలా ఇప్పటినుంచే అలవాటు చేయండి. ఇంకొక్క మాట. కిడ్నీ ఇచ్చింది మీరే అయినా, "నీకోసం కోయించుకున్నానే" అని మాత్రం ఎన్నడూ దెప్పకండి. ఆ మాట పడ్డ బిడ్డ మాత్ర మానినా మీతో చెప్పదు.