పారిస్ ప్రయాణానికి ముందు
(సంస్థ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో ఎనిమిదిమందిమి కలిసి పారిస్ నగరం చూసి రావాలని అనుకుంటున్నాం. నేను ఇంతకుముందు ఒకసారి వెళ్ళివచ్చాను గనక ఎలా సిద్ధం కావాలో, ఏమేం చూడాలో చెప్పమన్నారు. "హక్కుల కోసం పనిచేసే సంస్థలో విహారయాత్ర గురించి ఉపన్యాసం ఏమిటి?" అని ఒక మిత్రురాలు అడిగింది. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను.

ప్రయాణం విమానం ఎక్కినప్పుడు మొదలు కాదు. పాస్‌పోర్టు దగ్గర మొదలవుతుంది. విదేశాలకు వెళ్ళే హక్కు వ్యక్తిస్వేచ్ఛలో భాగమని మేనకాగాంధీ కేసులో సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. అయినా నేను టికెట్ల కోసం ఒక ఏజెంటు దగ్గరకు వెళ్ళినప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న "ఎప్పుడు వెళ్తారు?" అని కాదు, "మీవారు ఒప్పుకున్నారా?" అని. ఇది ఆ ఒక్క ఏజెంటు బుద్ధి మాత్రమే కాదు. పాస్‌పోర్టుకు భర్త సంతకం కావాలంటే ఒక స్త్రీ మద్రాసు హైకోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. భార్య పాస్‌పోర్టు తీసుకోవడానికి భర్త అనుమతి అక్కర్లేదని ఆ కోర్టు 2025లో తీర్పు చెప్పింది. చట్టం మనవైపే ఉందని ముందు మనం తెలుసుకోవాలి.

ఇక వీసా. ఫ్రాన్సుకు షెంజెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందు ఇవ్వాలి. తిరిగి వచ్చే తేదీ తర్వాత కూడా పాస్‌పోర్టుకు మూడు నెలల గడువు ఉండాలి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా ఉండాలి. ఖర్చులు భరించగలమని బ్యాంకు లెక్కలు చూపించాలి. ఇక్కడే మనలో చాలామంది ఆగిపోతాం. జీవితమంతా చాకిరీ చేసి కూడా మన పేరున ఖాతాలో చెప్పుకోదగ్గ డబ్బు ఉండదు. అందుకని ఇవాళ్టి నుంచే ఎవరి పేరున వాళ్ళు నెలనెలా కొంత వేసుకోవడం మొదలుపెడదాం.

ఇది మన దేశపు వెనకబాటుతనం మాత్రమే అనుకోకండి. ఫ్రాన్సులో పెళ్ళయిన స్త్రీ భర్త అనుమతి లేకుండా ఉద్యోగం చేయడానికి, సొంతంగా బ్యాంకు ఖాతా తెరవడానికి వీలు కలిగింది 1965 చట్టంతోనే. స్వేచ్ఛ, సమానత్వం అని ప్రపంచానికి చాటిన విప్లవం 1789లో జరిగింది. మధ్యలో గడిచిన 176 ఏళ్ళు ఎవరివి? ఈ ప్రశ్న వెంటబెట్టుకుని ఆ నగరం చూడాలని నా కోరిక.

పర్యాటకుల పుస్తకాలు ఈఫిల్ టవరు, లూవ్ర్ మ్యూజియం చూపిస్తాయి. అవీ చూద్దాం. లూవ్ర్‌కు మంగళవారం, ఓర్సే మ్యూజియానికి సోమవారం సెలవు గనక రోజులు దానికి తగ్గట్టు పెట్టుకుందాం. కాని ఒక రోజు కాన్సియెర్జరీ చెరసాలకు కేటాయిద్దాం. అక్కడికి వెళ్ళినవాళ్ళకు రాణి మరీ ఆంత్వానెత్ కథ తప్పకుండా చెబుతారు. అదే చెరసాలలో ఒలాంప్ ద గూజ్ కూడా ఉంది. పురుషుల హక్కుల ప్రకటనకు జవాబుగా 1791లో స్త్రీల హక్కుల ప్రకటన రాసిన మనిషి ఆమె. స్త్రీని వధ్యశిల ఎక్కించవచ్చునంటే ఉపన్యాస వేదిక ఎక్కే హక్కు కూడా ఆమెకు ఉండాలని వాదించింది. 1793 నవంబరు 3న ఆమె తల నరికారు. ఆ చోటే ఇవాళ్టి కాంకోర్డ్ కూడలి. దానికి నాలుగు రోజుల ముందే స్త్రీల సంఘాలన్నిటినీ ప్రభుత్వం నిషేధించింది. ఫ్రాన్సు పార్లమెంటు భవనంలో ఆమె శిల్పం పెట్టడానికి 2016 వరకు పట్టింది.

నగరపాలక భవనం ముందు కూడా కాసేపు నిలబడదాం. 1789 అక్టోబరు 5న రొట్టెలు దొరకని స్త్రీలు అక్కడ గుమిగూడి, వానలో వర్సాయ్‌దాకా నడిచివెళ్ళి, మర్నాడు రాజును పారిస్‌కు తీసుకొచ్చారు. విప్లవాన్ని ముందుకు నడిపిన ఆ స్త్రీల వారసులకు ఓటు హక్కు 1944లో గాని రాలేదు.

మరో రోజు పాంథియన్. గొప్ప పురుషులకు దేశం కృతజ్ఞత తెలుపుతోందని ఆ కట్టడం ముఖం మీదే చెక్కి ఉంటుంది. 1907లో అక్కడ చేరిన మొదటి స్త్రీ, ఒక శాస్త్రవేత్త భార్యగా భర్త పక్కన చేరింది. తన సొంత ప్రతిభతో చోటు పొందిన మొదటి స్త్రీ మేరీ క్యూరీ, 1995లో. బతికుండగా 1911లో ఆమెను ఫ్రెంచి సైన్సు అకాడమీ సభ్యురాలిగా ఎన్నుకోలేదు. అదే ఏడాది ఆమెకు రెండో నోబెల్ బహుమతి వచ్చింది.

మోమార్త్ర్ గుట్ట మీది తెల్లటి చర్చి ముందు అందరూ ఫోటోలు తీసుకుంటారు. ఆ మెట్ల పక్కనున్న పార్కు పేరు లూయీ మిషెల్. ఆమె బడిపంతులమ్మ. 1871 పారిస్ కమ్యూన్‌లో పోరాడి, సముద్రాలవతల న్యూ కాలెడోనియాకు ప్రవాసశిక్ష అనుభవించింది. మన భికాజీ కామాను కూడా మరిచిపోవద్దు. ఆమె స్వాతంత్ర్యం కోసం పనిచేస్తూ ఏళ్ళ తరబడి ఉన్న ఊరు పారిసే.

మనం ఎనిమిదిమందిమి తలా ఒక స్థలం పంచుకుని, చదివి, అక్కడ నిలబడి మిగతావాళ్ళకు చెప్పాలని నా సూచన. అప్పుడు ఏ గైడు చూపించిందో అదే చరిత్ర అనుకునే పరిస్థితి ఉండదు.

ఇక నా మిత్రురాలి ప్రశ్న. మన ఎనిమిదిమందిలో ఇద్దరు ఇంకా ఇంట్లో ఈ మాట ఎత్తలేదు. పది రోజులు వంట ఎవరు చేస్తారు, అత్తగారికి మందులు ఎవరిస్తారు, లోకం ఏమనుకుంటుంది అన్న భయాలు వాళ్ళకున్నాయి. భర్త ఆఫీసు పనిమీద నెలరోజులు వెళ్తే ఈ ప్రశ్నలు పుట్టవు. ఇంటిపని మన ఒక్కరి బాధ్యత కాదని ఇంట్లోవాళ్ళకు ఈ పది రోజుల్లో తెలిస్తే, అది పారిస్ చూడటం కంటే తక్కువ లాభమేమీ కాదు. ఆ ఇద్దరినీ ఒంటరిగా వదలవద్దు. వాళ్ళు కోరితే మనలో ఒకరిద్దరం వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మాట్లాడదాం. వాళ్ళ పాస్‌పోర్టు దరఖాస్తులు కూడా ఈ నెలలోనే పెట్టించుదాం.