విరమణ తరవాత మిగిలేది

డీఎస్సీకీ, బి.ఎడ్.కీ చదివినవాళ్లకు పావ్‌లోవ్ అనగానే కుక్క, గంట, లాలాజలం గుర్తొస్తాయి. పరీక్షకు ఆ మూడూ చాలు. విరమణ, అయత్నసిద్ధ స్వాస్థ్యం అన్నవాటిని నిర్వచనాలుగా బట్టీపట్టి వదిలేస్తాం. ఈవేళ నేను ఆ వదిలేసిన చోటి గురించే మాట్లాడతాను. మనుషుల కష్టంతో నేరుగా ముడిపడ్డది అదే.

ఇవాన్ పావ్‌లోవ్ జీర్ణక్రియను శోధించినవాడు. 1904లో నోబెల్ బహుమతి వచ్చింది కూడా ఆ పనికే. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఆయన ప్రయోగశాలలో కుక్క లాలాజల నాళం కొసను చిన్న శస్త్రచికిత్సతో బుగ్గ బయటికి తెచ్చేవారు. ఊరినదంతా చుక్కచుక్కగా గొట్టంలోకి దిగేది, కొలుచుకునేవారు. మెట్రోనోమ్ ఆడించి, వెంటనే మాంసపు పొడి పెట్టేవారు. కొన్నిసార్లు అలా జరిగాక ఆ టిక్కుటిక్కుకే చుక్కలు రాలేవి. ముందు తిండి పెట్టి తరవాత శబ్దం వినిపిస్తే మాత్రం ఈ నేర్పు సరిగ్గా కుదరదు. రాబోయేదాన్ని ముందుగా చెప్పే సంకేతానికే శరీరం విలువిస్తుంది.

1960ల చివర్లో లియాన్ కామిన్ ఎలుకలతో ఈ సంగతి తేటతెల్లం చేశాడు. ఒక శబ్దం తరవాత షాక్ తగులుతుందని అవి నేర్చుకున్నాక, ఆ శబ్దంతో పాటు దీపమూ వెలిగించి షాక్ ఇచ్చాడు. ఆపైన దీపం ఒక్కటే వెలిగిస్తే అవి పెద్దగా బెదరలేదు. దీపం వాటికి కొత్తగా చెప్పిందేమీ లేదు మరి. 1972లో రెస్కోర్లా, వాగ్నర్ దీన్ని సమీకరణంగా రాశారు: అనుకున్నదానికీ జరిగినదానికీ ఎంత తేడా ఉంటే అంత నేర్చుకుంటాం.

ఇక విరమణ. సంకేతం ఇస్తూ తిండి పెట్టకపోతే లాలాజలం తగ్గుతూ తగ్గుతూ సున్నాకు వస్తుంది. ఓ రెండు గంటలు ఊరుకుని మళ్లీ అదే సంకేతం ఇవ్వండి, కొంచెం ఊరుతుంది. అయత్నసిద్ధ స్వాస్థ్యం అంటే ఇదే. నేర్చినది చెరిగిపోయి ఉంటే ఆ చుక్కలు ఎక్కణ్నుంచి వచ్చినట్టు? అది లోపల అణగి ఉందన్నాడు పావ్‌లోవ్.

1924 సెప్టెంబరులో నెవా నది పొంగి పావ్‌లోవ్ కుక్కల గదుల్లోకి నీళ్లొచ్చాయి. బోనుల తలుపులు కిందికి ఉండటంతో కుక్కల తలలు నీళ్లలో ముంచి బయటికి లాగాల్సి వచ్చింది. బతికి బయటపడ్డ వాటిలో కొన్నింటికి నేర్పినవన్నీ చెదిరిపోయాయి. చాలారోజుల శ్రమతో ఒక కుక్క కుదుటపడ్డాక, పావ్‌లోవ్ దగ్గర పనిచేసే స్పెరాన్‌స్కీ తలుపు కింద నుంచి సన్నగా నీళ్లు పారేలా చేశాడు. అంతే, కుక్క అల్లాడిపోయింది. ఆనాటి భయం ఎక్కడికీ పోలేదు.

మనం నేర్చినదానికి చోటు కూడా అతుక్కుని ఉంటుంది. షెపర్డ్ సీగల్ బృందం 1982లో హెరాయిన్‌కు అలవాటుపడ్డ ఎలుకలకు పెద్ద మోతాదు ఇచ్చింది. అలవాటైన గదిలో ఇస్తే దాదాపు మూడోవంతు చచ్చిపోయాయి. కొత్త గదిలో అదే మోతాదుకు మూడింట రెండు వంతులు. మత్తు వస్తోందని పాత గది చెబుతుంది గనక శరీరం ముందే ఎదురు సర్దుకుంటుంది. కొత్త గదిలో ఆ హెచ్చరిక అందదు.

మనుషుల్లోనూ ఇంతే. తాగుడు మానిపించడానికి మనిషిని డీ-అడిక్షన్ సెంటర్లో చేరుస్తాం. అక్కడ నిలకడగానే ఉంటాడు. ఇంటికొచ్చాక, సాయంత్రం పని దిగే వేళకు, పాత సందు మలుపులో వైన్ షాపు బోర్డు కంటపడగానే నాలుక పిడచగట్టుకుపోతుంది. కాళ్లు అటే లాగుతాయి. వీడికి బుద్ధి రాదంటారు ఇంటివాళ్లు. ఆ మాట అన్యాయం. తాగకుండా ఉండటం అతను నేర్చుకున్నది ఆ సెంటరు గోడల మధ్య. ఈ సందులో ఇంకా నేర్చుకోలేదు. మందులూ, ఇంటివాళ్ల తోడూ ఎలాగూ కావాలి. వాటితో పాటు ఆ వేళకే, ఆ మలుపు దాకా, కౌన్సెలరో అన్నదమ్ములో అతని పక్కన నడవాలి. తాగకుండా తిరిగి రావడం అక్కడా, మరో నాలుగు చోట్లా అలవాటు కావాలి. డిశ్చార్జి కాగితంతో చేతులు దులుపుకునే చికిత్సను నేను సగం చికిత్సగానే లెక్కిస్తాను.