చీటీలో పేరు నాది, మట్టి ఎవరిది?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భూసారం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. మనలో చాలామందికి ఊళ్లో ఎంతో కొంత పొలం ఉంది. లేనివారికి పొలం చేసే తమ్ముడో, బావమరిదో ఉంటాడు. కనుక ఈ విషయం మనకు పరాయిది కాదు.

2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో సాయిల్ హెల్త్ కార్డుల పథకం ప్రారంభమైంది. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణ పరిమాణం, సేంద్రియ కర్బనం అని మొత్తం 12 అంశాలు అందులో ఉంటాయి. నీటి వసతి గల భూమిలో 2.5 హెక్టార్లకు, మెట్టలో 10 హెక్టార్లకు ఒక్క నమూనా తీసి, ఆ పరిధిలోని రైతులందరికీ అదే ఫలితాన్ని రాసి ఇచ్చేవారము.

అప్పుడు నేను సర్వీసులోనే ఉన్నాను. లక్ష్యం పెద్దది, గడువు చిన్నది. దాచడమెందుకు, జీపు వెళ్లగలిగిన చోటనే నమూనాలు తీయించాను. ఒకనాడు ఒక మెట్ట రైతు చేతిలో మొక్కజొన్న ఆకు పట్టుకుని వచ్చాడు. ఈనెకు ఇరుపక్కలా తెల్లని చారలున్నాయి. జింకు లోపమని చూడగానే తెలుస్తోంది. కార్డులో మాత్రం జింకు సరిపడా ఉందని ఉంది. "అయ్యా, చీటీలో పేరు నాది. మట్టి ఎవరిదండీ?" అని అడిగాడు.

నావద్ద జవాబు లేదు. ఆ మట్టి రోడ్డు పక్కనున్న మరొకరి పొలానిది.

మర్నాడు ఆయనతోనే నడిచి వెళ్లాను. గట్లు, చెట్ల నీడ, పెంటకుప్పలున్న చోట్లు వదిలి, పొలంలో అడ్డదిడ్డంగా పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతున 'వి' ఆకారపు గుంటలు తీసి, మట్టి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసివేస్తూ అరకిలో మిగిల్చాము. ఫలితంలో జింకు, సేంద్రియ కర్బనం రెండూ తక్కువగా వచ్చాయి. ఆయన ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు వేశాడు. పశువుల ఎరువు తోలాడు. తరువాత కలిసినప్పుడు, "మట్టి చేతికి మెత్తగా తగులుతోందండీ" అన్నాడు. ఆ మాట నాకు పదవీ విరమణ నాటి శాలువాకంటె ఎక్కువ.

కార్డు చేతికిచ్చినంత మాత్రాన రైతు మారడు. 2010 నుండి భాస్వరం, పొటాష్ ఎరువులకు పోషకాల ఆధారిత సబ్సిడీ వచ్చింది. యూరియాను అందులో చేర్చలేదు. అది చవకగానే ఉండిపోయింది. కార్డు యూరియా తగ్గించమంటుంది, ధర ఎక్కువ చల్లమంటుంది. రైతు ఏది వింటాడో మీకు వేరే చెప్పనక్కరలేదు.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2016లో రైతు సాధికార సంస్థ ద్వారా మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం మరొక దారి చూపింది. అక్కడ చెప్పేది ఆఫీసరు కాదు, స్వయంగా ఆచరించిన తోటి రైతు. మహిళా సంఘాలు దానికి వెన్నెముక. ఘనజీవామృతం వేయడం, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా కప్పి ఉంచడం నేర్పుతారు. 2024లో గుల్బెంకియన్ మానవతా బహుమతి పొందిన ముగ్గురిలో ఈ కార్యక్రమం ఒకటి. మరొకరు మట్టి శాస్త్రవేత్త రతన్ లాల్. దిగుబడి మీద వాదాలున్నాయి, ఉండనివ్వండి. పొరుగు రైతు పొలం చూసి నేర్చుకున్నది మాత్రం నిలుస్తుంది.

చివరగా ఒక మనవి. ఈ వేసవిలో ఊరికి వెళ్లినప్పుడు, పొలం ఖాళీగా ఉండగానే, మీ చేతులతో మట్టి తీసి పరీక్షకు పంపండి. ఫలితం వచ్చాక పొలం చేసే కౌలుదారుకు చదివి వినిపించండి. వరి పొలమైతే జీలుగ విత్తనాల ఖర్చు మీరు పెట్టుకోండి. పూత దశలో కలియదున్నితే వచ్చే బలం మీ భూమిలోనే ఉంటుంది. నేను సర్వీసులో తొందరపడి చేసిన తప్పును, తీరిక ఉన్న మనమంతా దిద్దగలము.