చేపల కంటే ముందు నీళ్ళు



గాజుతొట్టిలో రంగు చేపలు పెంచే ముచ్చట ఇప్పుడు పెద్ద పట్నాలకే పరిమితం కాదు. మా నంద్యాలలో, ఆళ్ళగడ్డలో కూడా ఎన్నో ఇళ్ళల్లో కనిపిస్తోంది. కొందరు అందానికి పెడతారు, కొందరు వాస్తు అంటారు, చాలామంది పిల్లల పోరు పడలేక కొంటారు. మా ఇంట్లోకి తొట్టి వచ్చింది ఈ మూడో కారణం వల్లనే.

తొట్టి, గులకరాళ్ళు, గాలి మోటారు, ఆరు చేపలు, అన్నీ ఒకే సాయంత్రం తెచ్చాం. ఆ రాత్రే నీళ్ళు నింపి చేపలు వదిలేశాం. నాలుగో రోజున ఒకటి తేలింది. వారం తిరిగేసరికి ఒక్కటీ మిగల్లేదు. మా అత్తగారు, "పోనీలేమ్మా, ఇంటికి రావలసిన కీడు అవి తీసుకుపోయినాయి" అన్నారు. ఆ మాటతో పెద్దవాళ్ళం సమాధానపడ్డాం. మా అబ్బాయి మాత్రం పడలేదు. "అమ్మా, నేను రోజూ తిండి పెడ్తి గదా, మరి ఎందుకు సచ్చిపాయ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

నీళ్ళు చూస్తే అద్దంలా ఉన్నాయి. అక్కడే మనం మోసపోయేది. మహానంది కోనేరులో అడుగున పడ్డ నాణెం కూడా కనిపిస్తుంది కదా! అక్కడ ఊట నీరు వస్తూ ఉంటుంది, పోతూ ఉంటుంది. మన తొట్టిలో నీళ్ళు ఎక్కడికీ పోవు. చేప విసర్జించినదీ, తినగా మిగిలిన తిండీ అందులోనే ఉండి అమ్మోనియా అవుతుంది. దానికి రంగు లేదు, కంటికి కనపడదు. చేప మొప్పలను మాత్రం కాల్చేస్తుంది. వేడి ఎక్కువైనా, నీళ్ళల్లో క్షారగుణం ఎక్కువైనా దాని విషం మరింత పెరుగుతుంది.

దీనికి విరుగుడు ప్రకృతిలోనే ఉంది. ఒక రకం సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. ఇంకొక రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. అది కొద్దిగా ఉంటే చేపలకు అంత హాని లేదు, మొక్కలకు ఆహారం కూడా. నేలలో జరిగే ఈ పనిని రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలోనే నిరూపించాడు. కొత్త తొట్టిలో ఈ జీవులు తగినంత ఉండవు. అవి వృద్ధి కావడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఈ సంగతి నాకు ఆళ్ళగడ్డలో ఉండే మా చెల్లెలు చెప్పింది. "అక్కా, తోడెయ్యకుండా పెరుగు కావల్లంటే యాడ్నుంచొస్తాది?" అంది. పాతికేళ్ళుగా రోజూ పాలు తోడుపెడుతున్నదాన్ని, ఆ ఒక్క మాటతో నాకు అంతా అర్థమైంది.

ఇక రెండోసారి ఎలా చేశామో చెబుతాను. లీటరు నీళ్ళు కిలో బరువు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో 56 లీటర్లు పడతాయి. అందుకని గట్టి బల్ల చూసుకుని, పైన థర్మోకోల్ పరిచి తొట్టి పెట్టాలి. ఎండ తగిలే కిటికీ దగ్గర వద్దు, నీళ్ళు కాగుతాయి, పాచి పడుతుంది. ఒక రోజంతా నీళ్ళు నింపి ఉంచి, కారడం లేదని చూసుకోవాలి. సబ్బు మాత్రం తగలనివ్వకండి.

రాళ్ళను మట్టి పోయేదాకా ఉత్త నీళ్ళతో కడగాలి. మన జిల్లా నాపరాళ్ళకు పేరు కదా అని ఆ ముక్కలు తెచ్చి వేయకండి. అది సున్నపురాయి, నీళ్ళను ఇంకా కఠినం చేస్తుంది. ఏ రాయి మీదనైనా నాలుగు చుక్కలు వెనిగర్ వేసి చూడండి. బుడగలు పొంగితే ఆ రాయి పనికిరాదు.

కుళాయి నీళ్ళల్లో క్లోరిన్ ఉంటుంది. అది చేపలనూ, మనకు కావలసిన సూక్ష్మజీవులనూ కూడా చంపుతుంది. వెడల్పు బకెట్లో ఒక రోజు నిలవపెట్టండి, లేదా క్లోరిన్ విరుగుడు చుక్కలు వేయండి. తాగడానికి వాడే ఆర్వో నీళ్ళే పోస్తే అందులో లవణాలు ఉండవు. బోరు నీళ్ళు కఠినంగా ఉన్న ఇళ్ళల్లో గప్పీ, మోలీ, ప్లాటీ చేపలు హాయిగా బతుకుతాయి.

నీళ్ళు పోసి, వడపోత స్పాంజి ఉన్న మోటారు వేశాక, చేపలు లేకుండానే రోజూ చిటికెడు చేపల తిండి వేయాలి. అది కుళ్ళి, సూక్ష్మజీవులకు ఆహారం అవుతుంది. మా చెల్లెలు తన పాత తొట్టి స్పాంజిలో ఒక ముక్క కోసి, ఆ తొట్టి నీళ్ళతోనే డబ్బాలో పెట్టి ఇచ్చింది. ఆరిపోకుండా బస్సులో నంద్యాలకు తెచ్చుకున్నాను. అదే మా తోడు! రోగాలు లేని తొట్టిలోదైతేనే తీసుకోవాలి. మోటారు రాత్రింబగళ్ళు ఆడాలి, ఆ జీవులకూ ఊపిరి కావాలి కదా.

పరీక్ష చుక్కలు బజారులో దొరుకుతాయి. మొదట అమ్మోనియా పెరుగుతుంది, తర్వాత నైట్రైట్ పెరుగుతుంది. తిండి వేస్తూనే ఉన్నా రెండూ సున్నాకు వచ్చి అలాగే నిలిస్తే తొట్టి సిద్ధమైనట్టు. అప్పుడు సగం నీళ్ళు మార్చి, రెండు మూడు చేపలే తేవాలి. సంచిని పావుగంట తొట్టిలో తేలనిచ్చి, కొద్దికొద్దిగా తొట్టి నీళ్ళు అందులో కలిపి, తర్వాత చేపలను వదలాలి. మిగతా చేపలు రెండు వారాలు ఆగి తెచ్చుకోవచ్చు. స్పాంజిని ఎప్పుడూ కుళాయి కింద కడగకండి, తొట్టిలోంచి తీసిన నీళ్ళల్లోనే పిండండి. లేకపోతే తోడు కాస్తా కొట్టుకుపోతుంది.

మా తొట్టి అయిదు వారాలు ఖాళీగానే ఉంది. వచ్చినవాళ్ళంతా "చేపలేవీ?" అని నవ్వేవారు. మా అబ్బాయి మాత్రం రోజూ చుక్కలు వేసి, రంగు చూసి, కేలండరు మీద రాసుకునేవాడు. వాడి ప్రశ్నకు జవాబు వాడికే దొరికింది. ఒకనాడు వాళ్ళ నాయనమ్మతో, "కీడు కాదు అవ్వా, మనం తొందరపడితిమి" అన్నాడు.

ఆ మాట వాడు అనేదాకా ఆగడం కూడా మంచిదే అయిందనిపించింది. సెలవు.