లీటరుకు ఎంత ఇస్తుంది? లోపల ఎవరు కూర్చుంటారు?

(స్వర్ణోత్సవ సభల్లో రెండో రోజు మధ్యాహ్నం జరిగిన గోష్ఠిలో చేసిన ప్రసంగం పాఠం)



పొద్దుటి నుంచి పెద్ద పెద్ద విషయాలు విన్నారు. భోజనాలు కూడా అయ్యాయి. కునుకు పట్టే ఈ వేళకు తగ్గట్టు నాకు చిన్న విషయమే అప్పగించారు. కారు కొనేటప్పుడు మైలేజీ చూడాలా, లోపలి చోటూ సుఖమూ చూడాలా? ఉద్యోగ జీవితమంతా వాహనాల వర్క్‌షాపులో గడిపినవాణ్ని కాబట్టి మన సభ్యులు నన్ను తరచు అడిగే ప్రశ్న ఇది. అడిగేవారు ముఖ్యంగా రెండు రకాలు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో బహుశా తమ ఆఖరి కారు కొనబోయేవారు ఒకరు. ఇప్పుడిప్పుడే ఉద్యోగంలో కుదురుకుని మొదటి కారు కొనబోయే వారి పిల్లలు రెండోవారు. ఇద్దరికీ ఒకే జవాబు చెప్పకూడదు. ఎందుకు చెప్పకూడదో లెక్కతో సహా మనవి చేస్తాను.

ముందుగా, మనకు ఈ ‘లీటరుకు ఎంత ఇస్తుంది’ అనే అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. మన చిన్నప్పుడు ఊళ్లో కారంటే అంబాసిడర్, లేదంటే ఫియట్. అంబాసిడర్ 1950ల చివర్లో మొదలై 2014 దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో తయారైంది. సోఫాలాంటి వెనక సీటు. పెళ్లివారు ఎంతమంది ఎక్కినా కాదనేది కాదు. కానీ టన్నుకు పైగా బరువు, దానికి తగ్గ తాగుడు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. 796 సీసీ ఇంజను, చిన్న ఒళ్లు. అంబాసిడర్ బరువులో మూడింట రెండు వంతులు కూడా లేదు. మధ్యతరగతి ఇంటి ముందుకు కారు రావడానికి దాని ధర ఒక కారణమైతే, నెలాఖరున పెట్రోలు బంకు దగ్గర భయపెట్టకపోవడం ఇంకో కారణం. మైలేజీ అనే మాట మన ఇళ్లలో స్థిరపడింది అప్పుడే.

ఆ తర్వాత 1998లో టాటావారు ఇండికా తెచ్చారు. జెన్ అంత పరిమాణం, అంబాసిడర్ అంత లోపలి చోటు, మారుతి 800కు దగ్గర ధర, డీజిలు ఖర్చు – ఇవన్నీ ఒకే బండిలో కావాలన్నది రతన్ టాటా సంకల్పం. మనం ఇవాళ షోరూముకు వెళ్లి అడిగేదీ అదే కదా! ఎడ్లబండి తోలిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం మనం. బండి పెద్దదైతే, బరువు పెరిగితే ఎడ్లకు దాణా పెరుగుతుందని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కారుకూ అదే సూత్రం. ఊళ్లో ఆగుతూ సాగుతూ పోయేటప్పుడు దాని బరువు పెట్రోలు తాగుతుంది. హైవే మీద గాలికి ఎదురు నిలిచే దాని ముఖం తాగుతుంది. వెడల్పుగా, ఎత్తుగా ఉన్న బండిలో మనకు చోటు ఎక్కువే, గాలికి అడ్డమూ ఎక్కువే.

ఇందులో ప్రభుత్వం చెయ్యి కూడా ఉంది. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలుకు 1200, డీజిలుకు 1500 సీసీ లోపు ఇంజను ఉన్న కార్లకు ఎక్సైజు సుంకం తగ్గించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్‌టీ రేట్లలోనూ ఆ కొలతలే నిలిచాయి. ఆ లోపు ఉంటే 18 శాతం, దాటితే 40 శాతం. కొన్ని కార్లకు వెనక డిక్కీ కత్తిరించినట్టు పొట్టిగా ఎందుకుందని అడుగుతుంటారు. కత్తిరించింది ఈ నాలుగు మీటర్ల గీతే. మనం చోటు కోసం చెల్లించే ధరలో కొంత ఇనుముకు, కొంత పన్నుకు పోతుందని గుర్తుంచుకోండి.

ఇక అసలు లెక్క. ఎనిమిదో తరగతి అంకగణితమే, భయపడకండి. పది ఇచ్చే కారు బదులు పన్నెండున్నర ఇచ్చే కారు కొన్నామనుకోండి. రెండున్నర కిలోమీటర్లే పెరిగింది. ఇరవై ఇచ్చేదాని బదులు ఇరవై అయిదు ఇచ్చేది కొంటే అయిదు కిలోమీటర్లు పెరిగింది. ఎందులో లాభం ఎక్కువ? చాలామంది రెండోదంటారు. నూరు కిలోమీటర్లకు లెక్క వేద్దాం. మొదటి దాంట్లో పది లీటర్లు ఎనిమిది అయ్యాయి, మిగిలింది రెండు లీటర్లు. రెండో దాంట్లో అయిదు నాలుగయ్యాయి, మిగిలింది ఒకే లీటరు. మనం డబ్బు ఇచ్చేది లీటర్లకు, కిలోమీటర్లకు కాదు. ఐరోపా దేశాల్లో ‘నూరు కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు’ అని రాస్తారు. మనమూ అలా అడగడం నేర్చుకుంటే, బాగా తాగే బండికీ మామూలు బండికీ ఉన్న తేడా పెద్దదని, మామూలు బండికీ మహా పొదుపు బండికీ ఉన్న తేడా అంత పెద్దది కాదని తెలుస్తుంది.

రెండో లెక్క మనం తిరిగే దూరం. లెక్క సులువు కోసం లీటరు 110 రూపాయలనుకుందాం. ఒక చిన్న కారు మన రోడ్ల మీద నిజంగా 20 ఇస్తుంది. ఇంకో కారు పెద్దది, సుఖమైనది, 15 ఇస్తుంది. రిటైరైన మనలాంటివారు గుడికి, ఆసుపత్రికి, మార్కెట్టుకు, అప్పుడప్పుడు సొంతూరుకు కలిపి ఏడాదికి 6,000 కిలోమీటర్లు తిరుగుతారనుకుంటే చిన్న కారుకు 300 లీటర్లు, పెద్దదానికి 400. తేడా నూరు లీటర్లు, అంటే 11,000 రూపాయలు. నెలకు వెయ్యి లోపు. అదే ఉద్యోగానికి రోజూ రానూపోనూ అరవై కిలోమీటర్లు నడిపే అబ్బాయికో అమ్మాయికో ఏడాదికి 20,000 కిలోమీటర్లు తేలిగ్గా అవుతాయి. వారికి తేడా 333 లీటర్లు, 36,000 రూపాయలు దాటుతుంది. కారు అవే, రోడ్లు అవే. తిరిగే దూరాన్ని బట్టి జవాబు తలకిందులైంది.

ఎక్కువ మైలేజీ కోసం ముందుగా ఎక్కువ ధర పెట్టేవారూ ఈ లెక్కే వేసుకోవాలి. అంతే తేడా కోసం లక్షన్నర అదనంగా పోస్తే, 6,000 కిలోమీటర్లు తిరిగేవారికి అది తిరిగి రావడానికి పదమూడేళ్లు దాటుతుంది. కారు రిజిస్ట్రేషనే పదిహేనేళ్లకు. 20,000 తిరిగేవారికి నాలుగేళ్లు కాస్త దాటేసరికి వచ్చేస్తుంది.

కాగితం మీద రాసిన మైలేజీని కూడా కాస్త తగ్గించి చదవండి. అది అబద్ధం కాదు. ప్రయోగశాలలో రోలర్ల మీద, నిర్ణీత పద్ధతిలో, గంటకు 90 మించకుండా నడిపి తీసిన కొలత అది. అక్కడ మన ఎండా, మన గుంటలూ, పైన క్యారియర్ మీది సామానూ ఉండవు. పోల్చుకోవడానికి పనికొస్తుంది కానీ ఇంటి బడ్జెట్‌కు పనికిరాదు. పైగా ఇప్పుడు పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలుస్తోంది. లీటరు ఇథనాల్‌లో లీటరు పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు శక్తి తక్కువ. ఆ మేరకు కొంత తగ్గుతుంది. మీ బండి సంగతి మీకు తెలియాలంటే పాత పద్ధతే మంచిది. ట్యాంకు నిండా పోయించి, మీటరు రాసుకుని, నాలుగైదు వందల కిలోమీటర్లు నడిపి, మళ్లీ నిండా పోయించి భాగించండి.

కాలు కింద ఉన్న మైలేజీ సంగతీ మరవొద్దు. గంటకు 80లో పోయేటప్పటి కంటే 100లో పోయేటప్పుడు గాలి అడ్డం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. మొత్తం రోడ్డు ఖాళీగా దొరికినా 80కీ 100కీ కలిసొచ్చేది నలభై నిమిషాలు. టైర్లలో గాలి సరిగ్గా ఉంచి, అక్కర్లేనప్పుడు పైన క్యారియర్ తీసేసి, ఒక్క తీరున నడిపితే పెద్ద కారు కూడా మర్యాదగా ఉంటుంది.

ఇప్పుడు సుఖం గురించి. దీనికి కొలత రాసిన కాగితం ఏ షోరూములోనూ ఇవ్వరు. అందుకే మైలేజీ ముందు అది ఓడిపోతుంది. కానీ మన వయసులో సుఖమంటే మెత్తని తోలు సీటు కాదు, ఎక్కడం, దిగడం. సీటు మరీ కిందికి ఉంటే కూలబడాలి, లేచేటప్పుడు మోకాళ్ల మీద బరువంతా పడుతుంది. మరీ ఎత్తుగా ఉంటే చీర కట్టుకున్న ఆడవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కలేరు. నిలబడి ఉన్నప్పుడు సీటు సుమారుగా పిరుదుల ఎత్తులో ఉంటే పక్కకు జరిగి కూర్చున్నట్టు ఉంటుంది. ఖరీదైన పొడుగు కార్లలో కొన్ని ఈ పరీక్షలో తప్పుతాయి. వ్యాగన్ ఆర్‌లాంటి పొట్టి, ఎత్తు కార్లు నెగ్గుతాయి. చూశారా, మైలేజీకీ సుఖానికీ ఎప్పుడూ వైరమే ఉండాలని లేదు.

కాబట్టి షోరూముకు ఒక్కరే వెళ్లకండి. ఇంట్లో అందరికంటే కష్టంగా ఎక్కేవారెవరో, వారిని తీసుకెళ్లండి. అమ్మ కావచ్చు, అత్తగారు కావచ్చు. వెనక తలుపు ఎంత తెరుచుకుంటుందో, పాదం గడప దాటుతుందో లేదో వారే చెప్పాలి. ముందు సీటును మీరు నడిపే తీరులో జరిపి, వెనక ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి. తొడలకు ఆధారం ఉందా? తలకు ఆనుకోవడానికి ఉందా? వెనక్కి చల్లగాలి వస్తోందా? స్పీడు బ్రేకరు మీద నడుముకు తెలుస్తోందా? చేతికర్ర గానీ, మడిచే చక్రాల కుర్చీ గానీ ఉంటే అది డిక్కీలో పడుతుందో లేదో అక్కడే పెట్టి చూడండి. నలుగురైదుగురి ముందు ఇబ్బందిగా అనిపించి దిగలేక దిగి, ‘నాకు బాగానే ఉందిరా’ అనే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉంటారు. వారి మాట కాదు, వారి కాళ్లు చూడండి. కారు ఎక్కడం కష్టమైనవారు కొన్నాళ్లకు బయటికి రావడమే మానేస్తారు. అలా ఒక మనిషి ఇంటికి పరిమితమైపోతే, పెట్రోలులో మిగిలిన నెలకు వెయ్యి ఏ పాటి?

చోటు సంగతి వేరు. సంక్రాంతికి పిల్లలు, మనవలు వస్తారు కాబట్టి ఏడు సీట్ల బండి కావాలంటారు. ఏడాదిలో ఎన్ని రోజులు? వారం రోజులైతే ఆ వారానికి పెద్ద బండి అద్దెకు తీసుకోండి. మిగతా యాభై ఒక్క వారాలు ఖాళీ సీట్లకు దాణా వేయక్కర్లేదు. మనవలు మీతోనే ఉంటే, రోజూ అయిదుగురికి మించి ఎక్కితే మాత్రం ఏడు సీట్లే కొనండి. మైలేజీ కారు కొని అందులో ఏడుగురు ఇరుక్కోవడం పొదుపు కాదు. వెనక కూర్చున్నవారూ బెల్టు పెట్టుకోవాలన్నది చట్టం. కారులో ఎన్ని బెల్టులున్నాయో అంతమందికే చోటు అని లెక్క. ఒళ్లో కూర్చోబెట్టుకున్న పసివాడిని గట్టి బ్రేకు పడినప్పుడు ఏ తల్లీ చేతులతో ఆపలేదు. మూడో వరుస ఎత్తితే డిక్కీ ఎంత మిగులుతుందో కూడా చూడండి. ఏడుగురికి చోటుండి వారి సంచులకు లేకపోతే మళ్లీ పైన క్యారియరే గతి.

సీఎన్‌జీ గురించి చాలామంది అడుగుతారు. ఖర్చు తక్కువ, నిజమే. కానీ చాలా కార్లలో సిలిండరు కూర్చునేది డిక్కీలోనే. మైలేజీ కోసం చోటును అమ్ముకోవడమంటే ఇదే. 2023లో టాటావారు ఒక పెద్ద సిలిండరు బదులు రెండు చిన్నవి డిక్కీ అడుగున అమర్చి కొంత చోటు మిగిల్చారు. మీ దారిలో గ్యాసు బంకు ఉందా, అక్కడ క్యూ ఎంత అనేది కూడా చూసుకోవాలి. పెద్ద కార్లలో హైబ్రిడ్లు వచ్చాక చోటూ మైలేజీ రెండూ దొరుకుతున్నాయి. ఆ రెంటికీ రాజీ కుదిర్చినందుకు ధర రూపంలో ముందే చెల్లిస్తాం. ఎలక్ట్రిక్ కారుకు కిలోమీటరు ఖర్చు బాగా తక్కువ, ఇంట్లోనో అపార్ట్‌మెంట్ కిందనో చార్జింగు కుదిరితేనే సుమా. వీటన్నిటికీ ఇందాకటి లెక్కే. ఏడాదికి ఎంత తిరుగుతారు?

చివరగా, కొనే ముందు ఒక తెల్ల కాగితం తీసుకోండి. గడిచిన ఏడాదిలో ఎంత తిరిగారో రాయండి. వారంలో ఎక్కువ రోజులు కారులో ఎవరెవరు కూర్చుంటారో రాయండి. వారిలో ఎక్కడానికి ఎవరికి కష్టమో వారి పేరు కింద గీత గీయండి. ఏడాదికి 10,000 కిలోమీటర్ల లోపైతే ఆ గీత గీసిన మనిషికి నప్పిన కార్లనే వరసగా రాసి, వాటిలో ఎక్కువ ఇచ్చేది తీసుకోండి. 15,000 దాటితే ముందు తక్కువ తాగేవి రాసి, వాటిలో నడుముకు నప్పేది తీసుకోండి. మధ్యలో ఉన్నవారు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. పక్కింటివారు ఏం కొన్నారన్నది మాత్రం ఆ కాగితం మీద రాయకండి.

ప్రశ్నలుంటే టీ దగ్గర మాట్లాడుకుందాం. సెలవు.