సముద్రతీరమున సాహసము



సెలవులు వచ్చినంతనే మన పల్లెలయందలి పిల్లలు విశాఖపట్టణమునకు పోవలెనని ఉబలాటపడుట నేడు సామాన్యమైనది. తీరమున కూర్చుండి గాలి పీల్చుట వారికి చాలదు. కెరటములపై పలక నెక్కి నిలుచుట, చిన్నపడవను తామే తెడ్డు వేసి నడుపుట, గాలిసీసాను వీపున గట్టుకొని నీటి యడుగునకు దిగుట, కొండల నెక్కుట, ఇవి వారి కోరికలు. ఇట్టివారికి పెద్దలమైన మన మేమి చెప్పవలయును? "వద్దు" అనుట సులభము. నేనును చాలకాల మటులే యంటిని. అది చాలదని నా కెట్లు తెలిసినదో మీకు విన్నవించెదను.

సుమారు ముప్పది యేండ్ల క్రిందట నేను నలువదిమంది విద్యార్థులను వెంటబెట్టుకొని విశాఖ తీరమునకు విహారయాత్ర పోయితిని. పిల్లలు స్నానము చేయుదు మనిరి. ఇరువైపుల కెరటములు పెద్ద చప్పుడుతో విరుగుచుండెను. నడుమ ఒకచోట మాత్రము నీరు నల్లగా, నిమ్మళముగా నుండెను. నే నా చోటు చూపి, "అక్కడ దిగండి, అక్కడ అలలు లేవు" అంటిని. మోకాలిలోతున నిలిచిన తొమ్మిదవ తరగతి బాలు డొకడు చూచుచుండగనే నడుములోతునకును, పిదప మెడలోతునకును పోయెను. ఒడ్డువైపు ఈదుటకు వాడెంత పెనగులాడినను వెనుకకే పోవుచుండెను. అంతలో తెప్ప దిగుచున్న జాలరి యొకడు వానిని చూచెను. ఎదురీదవద్దనియు, వెల్లకిల తేలుమనియు కేకవేయుచు, తెప్పను మరల నీటిలోనికి ద్రోసి, వానిని పట్టి తెచ్చెను. బాలుడు బ్రదికెను. నా చేతులు మాత్రము గంటసేపు వణకుచునే యుండెను. ఆ జాలరి నాతో ననిన మాట నేటికిని నా చెవిలో నున్నది: "పంతులుగారూ! కెరటం ఇరగని సోటే ఇబ్బందండి. అక్కడ నీరు లోపలికి పోతాది."

చదువు చెప్పువాడను నేను. ఆనాడు పాఠము చెప్పినవా డతడు.

దాని కారణమును తరువాత తెలిసికొంటిని. కెరటములు ఒడ్డునకు నెట్టిన నీరు మరల సముద్రములోనికి పోవలయును గదా! అది ఇసుకతిన్నెల నడుమ లోతైన సన్నని దారి చేసికొని, యేరువలె వేగముగా వెనుకకు పారును. ఆ దారిలో లోతెక్కువ గనుక కెరటము విరుగదు. అందుచేత చూచువానికి అదియే నిర్భయమైన చోటుగా తోచును. గొప్ప ఈతగాడును దాని కెదురీది నెగ్గజాలడు. అయితే ఆ ప్రవాహము మనిషిని లోపలికి లాగునే గాని అడుగునకు లాగదు. వెడల్పును అంతగా నుండదు. దానిలో చిక్కినవాడు భయపడక తేలుచు, ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈదినచో బయటపడును. ఈదలేనివాడు తేలుచునే చేయి యెత్తి పిలువవలయును. ఒడ్డుననున్నవారు తాము దుమికి రెండవ ప్రాణమును ఒడ్డక, త్రాడో, మూత బిగించిన ఖాళీ డబ్బాయో విసరి, తీరరక్షకులను పిలువవలయును. వారు కనబడనిచో 112 సంఖ్యకు ఫోను చేయవలయును.

ఆ యాత్ర పిమ్మట నేను పిల్లల నెవ్వరిని సముద్రమునకు తీసికొనిపోలేదు. మా యింటివారిని పోనీయలేదు. గత సంవత్సరము ఇంటరు చదువుచున్న మా మనుమడు ఋషికొండకు పోయి పలకపై కెరటము లెక్కుట నేర్చుకొందు ననెను. నేను వలదంటిని. వాడు మెల్లగా, "తాతయ్యా, మీరు వద్దంటే ఈసారికి మానుకుంటాను. కానీ ఏదో ఒకనాడు స్నేహితులతో మీకు చెప్పకుండా వెళతాను. చెప్పి వెళ్లడం మంచిదా, చెప్పకుండా వెళ్లడమా?" అనెను. నాకు బదులు తోచలేదు. ఆ రాత్రి నిద్రయు పట్టలేదు. తెల్లవారిన పిదప, నేనును వచ్చెదనని చెప్పితిని.

సంస్కృతమున 'వేలా' అను శబ్దము కలదు. సముద్రజలము పొంగి తగ్గుట, కాలము, మర్యాద, అనగా మేర, అని అమరకోశము దానికి మూడర్థములు చెప్పుచున్నది. ఎన్ని పర్యాయములో ఈ శబ్దమును పాఠము చెప్పితిని. సముద్రమునకు బోవువాడు ఎరుగవలసిన మూడు విషయములును ఆ ఒక్క మాటలోనే యున్నవని ఋషికొండ యిసుకలో కూర్చుండినప్పుడు గాని నాకు తట్టలేదు.

మొదటిది నీటి తీరు. నీట దిగుటకు ముందు పావుగంట ఊరక చూడవలయును. కెరటము లెక్కడ విరుగుచున్నవి, నురుగు ఎటు పోవుచున్నది, నీటి రంగు ఎక్కడ మారినది అని గమనింపవలయును. ఎఱ్ఱజెండా ఎగురుచున్నచో దిగనే రాదు. ఎఱుపు, పసుపు కలసిన జెండాలు రెండు పాతిన చోట, వాని నడుమ స్నానము చేయవచ్చును. ఆ తీరమున వలలు బాగుచేసికొను జాలరుల నడుగుట అన్నిటికంటె మేలు.

రెండవది కాలము. జూను మొదలు సెప్టెంబరు వరకు నైరృతి ఋతుపవనముచేత సముద్రము పోటుమీద నుండును. అక్టోబరు, నవంబరు మాసములు తుపానుల కాలము. హుద్ హుద్ తుపాను 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖ యొద్దనే తీరము దాటి ఆ నగరమునకు ఎంత చెఱుపు చేసినదో మీకు జ్ఞాపక ముండును. కావున డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు పోవుట మేలు. ఆ నెలలలోను ఉదయమే దిగవలయును. ప్రొద్దు గ్రుంకిన పిదప నీటి జోలికి పోరాదు.

మూడవది మర్యాద. అనగా తన మేర తా నెరుగుట. మేము జనవరిలో పోయితిమి. నేర్పువా డొకడు మా మనుమనిని మొదట ఇసుకమీదనే పలకపై బోర్ల పరుండబెట్టి, లేచి నిలుచుట అరగంట నేర్పెను. పలకకు గట్టిన త్రాడును చీలమండకు బిగించి, పిమ్మట నడుములోతు నీటిలోనికి తీసికొనిపోయెను. వాడు తొమ్మిదిసార్లు పడి, పదవసారి నిలిచెను. నిలిచినది రెండు మూడు క్షణములే. అప్పుడు వాడు ఒడ్డుననున్న నావైపు చూచిన చూపును నేను మరువలేను.

మరునాడు వేకువనే భీమునిపట్టణము త్రోవలోనున్న తొట్లకొండ నెక్కితిమి. రెండువేల యేండ్లనాటి బౌద్ధ విహారముల శిథిలము లచ్చట కలవు. భిక్షువులకై రాతిలో తొలిచిన నీటితొట్లచేతనే ఆ కొండకా పేరు వచ్చినది. నేను రెండుచోట్ల కూర్చుండి ఎక్కితిని. వాడు నాకొరకు ఆగెను.

ఆనాటి మధ్యాహ్నము నీటి యడుగునకు దిగవలెనని యేర్పాటు. దానికి నియమములు కఠినములు. పది మీటర్ల లోతున శరీరముపై ఒత్తిడి భూమిమీదకంటె రెట్టింపగును. పైకి వచ్చునప్పుడు ఊపిరి బిగబట్టరాదు. బిగబట్టినచో లోని గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చగలదు. గుండె, ఊపిరితిత్తులు, చెవులు సరిగా లేనివారు వైద్యుని యనుమతి లేక దిగరాదు. జలుబు చేసినచో చెవిలోని ఒత్తిడి సరిపడదు. నేర్పువాడు ఇదంతయు చెప్పి, "ఎవరికైనా జలుబుందా?" అని యడిగెను. వానికి ముందురాత్రి నుండి తుమ్ములు. నేను నోరు తెరవక చూచుచుంటిని. వాడు ఒక్క క్షణము తలవంచి, "నాకుందండీ. ఈసారికి మానుకుంటాను" అనెను.

అయ్యలారా! కెరటముపై నిలిచినదానికంటె ఈ మాటకే నేనెక్కువ సంతోషించితిని. సముద్రతీరమున వానరులు కూడినప్పుడు, నూరు యోజనములు దాటగలను గాని తిరిగి రాగలనో లేదో యని అంగదుడు నిజము చెప్పెను. అందుచేత అతని శౌర్యమునకు లోపము రాలేదు. ఒకనాడు మహాబలుడైన జాంబవంతుడు తాను ముసలివాడ నైతినని యొప్పుకొని, హనుమంతునికి అతని బలమును తెలియజెప్పెను. పెద్దలకు తగిన పని అదియే. దుముకవలసినవారు పిల్లలు, వారి బలమును, బలముయొక్క మేరను వారికి తెలుపవలసినవారము మనము.

కావున మీ పిల్లలు సముద్రమునకు పోదు మనినచో, వీలైన వారితో పొండు. వీలుకానిచో ఎచ్చటికి, ఎవరితో, ఎప్పుడు పోవుదురో అడిగి, ఆ జాలరి నాకు చెప్పిన మాటను వారికి చెప్పుడు. నేను దానిని తెలిసికొనుటకు ఒక బాలుని ప్రాణము అపాయములో పడవలసివచ్చినది. మీకు వినుట చాలును.

సెలవు.